ఉల్లంఘన వేరు, కారణం వేరు: కృష్ణా డెల్టాలో రోడ్డు ప్రమాదాలకు గురైన మోటారుసైకిలిస్టుల చట్టబద్ధ హక్కులు

వ్యాససంగ్రహం:

రోడ్డు ప్రమాదంలో గాయపడిన లేదా మరణించిన మోటారుసైకిలిస్టుకు మోటారు వాహనాల చట్టం, 1988 పరిహారపు హక్కును కల్పించింది. హెల్మెట్ లేకపోవడం, ముగ్గురు ప్రయాణించడం, లైసెన్సు లేకపోవడం వంటి ఉల్లంఘనలు ఉంటే ఆ హక్కు పోతుందన్న అభిప్రాయం కృష్ణా డెల్టా గ్రామాలలో బలంగా ఉంది. ఆ అభిప్రాయం ఎంతవరకు సరైనదో సుప్రీంకోర్టు తీర్పుల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉల్లంఘనకూ ప్రమాద కారణానికీ మధ్య న్యాయస్థానాలు పాటిస్తున్న భేదాన్ని, బండిపై ఉన్న వ్యక్తి స్థానాన్ని బట్టి హక్కు మారే తీరును, పరిహారం లెక్కించే పద్ధతిని, గడువులను ఇందులో వివరించడమైనది.

కీలకపదాలు: మోటారు వాహనాల చట్టం, పరిహారం, నిర్లక్ష్యం, ద్విచక్ర వాహనం, బీమా, కృష్ణా డెల్టా, ట్రిబ్యునల్.

1.0 ఉపోద్ఘాతం

విజయవాడ బెంజి సర్కిల్ వద్ద చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు వైపు నుంచి మచిలీపట్నం వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి కలుస్తాయి. అక్కడినుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా సముద్రతీరం వైపు సాగితే రహదారికి ఇరువైపులా కాలువ గట్లపై వేసిన ఇరుకు దారులు కనిపిస్తాయి. దూరప్రాంతపు లారీలు, చెరకు ట్రాక్టర్లు, కైకలూరు వైపునుంచి వచ్చే చేపల బళ్ళు, వెనుక దీపం లేని ట్రక్కులు, కోతల కాలంలో రోడ్డుపై ఆరబోసిన ధాన్యం – వీటన్నిటి నడుమ కౌలు రైతు, పాల వ్యాపారి, కళాశాల విద్యార్థి, కూలిపనికి వెళ్ళే దంపతులు ద్విచక్ర వాహనంపైనే ప్రయాణిస్తున్నారు.

ప్రమాదం జరిగిన తరువాత గ్రామంలో మొదట వినిపించే మాట "హెల్మెట్ లేదు గదా, కేసు నిలవదు" అన్నదే. బండిపై ముగ్గురు ఉంటే, నడిపినవానికి లైసెన్సు లేకపోతే ఆ మాట మరింత గట్టిపడుతుంది. పెద్దమనుషుల సమక్షంలో వైద్యఖర్చులకు కొంత మొత్తం ఇప్పించి రాజీ కుదర్చడంతో విషయం ముగుస్తుంది. చట్టరీత్యా లక్షలలో రావలసిన పరిహారం వేలకు పరిమితమవుతుంది. బాధిత కుటుంబం తన హక్కును వదులుకోవడానికి కారణమవుతున్న ఈ నమ్మకానికి చట్టంలో ఆధారం ఉన్నదా అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2.0 వైద్యం, సమాచార నమోదు

పరిహారపు హక్కు కన్నా ముందుది ప్రాణరక్షణ హక్కు. పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి పునాది. కారు ఢీకొన్న ఒక స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రిలో చేర్చుకోకుండా దూరంలోని మరొక ఆసుపత్రికి పంపగా, దారిలోనే అతడు మరణించాడన్న పత్రికావార్త ఆ కేసుకు ఆధారం. పోలీసు లాంఛనాల కోసం వేచి ఉండకుండా వైద్యం అందించడం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి బాధ్యత అని న్యాయస్థానం ప్రకటించింది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన వ్యక్తికి 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షను రక్షణ ఇస్తున్నది. తన పేరు చెప్పవలసిందిగా అతనిని బలవంతపెట్టరాదు.

ప్రమాదం జరిగిన తొలి గంటలో నగదు చెల్లింపు లేని వైద్యం కోసం పథకం రూపొందించాలని 162వ సెక్షను నిర్దేశించింది. దాని ప్రకారం 2025 మే 5న కేంద్రప్రభుత్వం పథకాన్ని ప్రకటించింది. నిర్ణీత ఆసుపత్రులలో ప్రమాదం జరిగిన తేదీనుంచి ఏడు రోజులవరకు, ఒక్కొక్కరికి రూ.1,50,000 మించకుండా చికిత్స లభిస్తుంది. ఇందులో తప్పు ఎవరిదన్న విచారణకు తావు లేదు.

తరువాతిది సమాచార నమోదు. ప్రకాశం బ్యారేజీకి ఒకవైపు విజయవాడ, మరొకవైపు గుంటూరు జిల్లా తాడేపల్లి మండలం ఉన్నాయి. సీతానగరం వైపు ప్రమాదం జరిగి, క్షతగాత్రుడు విజయవాడ ఆసుపత్రిలో చేరినప్పుడు "మా పరిధి కాదు" అన్న సమాధానం ఎదురుకావచ్చు. 2024 జూలై 1నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారాన్ని ఏ పోలీసు స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అని వ్యవహరిస్తున్నారు.

ఎఫ్.ఐ.ఆర్., సంఘటనాస్థల పంచనామా, గాయాల ధ్రువపత్రం, వాహన తనిఖీ అధికారి నివేదిక – ఈ నాలుగూ తరువాతి విచారణకంతటికీ మూలాధారాలు. బండి రోడ్డుకు ఎడమవైపు పడి ఉన్నదా, కుడివైపు పడి ఉన్నదా. ట్రాక్టరు ట్రక్కుకు వెనుక దీపం ఉన్నదా లేదా. గాయం తలకు తగిలిందా, కాలికి తగిలిందా అన్న వివరాలు వీటిలోనే ఉంటాయి. ఇరుపక్షాల తప్పును నిర్ణయించేటప్పుడు ట్రిబ్యునల్ మొదట చూసేది ఈ పత్రాలనే.

3.0 ఉల్లంఘనకూ కారణానికీ మధ్య భేదం

3.1 నిర్లక్ష్యం, దాని రుజువు

166వ సెక్షను కింద పరిహారం కోరేవారు ఎదుటి వాహనదారుని నిర్లక్ష్యాన్ని చూపాలి. మీనూ మెహతా కేసులో 1977నాటి తీర్పు ఈ సూత్రాన్ని స్థిరపరచింది. అయితే ఆ రుజువు క్రిమినల్ కేసులో వలె సందేహాతీతంగా ఉండనవసరం లేదు; సంభావ్యత ఎటు మొగ్గితే అటు నిర్ణయం ఉంటుంది. రాజస్థాన్ ఆర్టీసీ బస్సుకూ మోటారుసైకిలుకూ జరిగిన ప్రమాదానికి సంబంధించిన సునీత కేసులో (2019) సుప్రీంకోర్టు దీనిని మరొకసారి స్పష్టం చేసింది. బండిపై వెనుక కూర్చున్న వ్యక్తిని సాక్షిగా విచారించలేదన్న కారణంతో కుటుంబం కోరిక త్రోసిపుచ్చదగినది కాదని పేర్కొన్నది. ఒకే సాక్షిపై ఆధారపడిన గ్రామీణ కుటుంబాలకు ఈ తీర్పు ముఖ్యమైనది.

3.2 ముగ్గురి ప్రయాణం

బాధితుని వంతు నిర్లక్ష్యాన్ని న్యాయవాదులు కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అని వ్యవహరిస్తారు. అది రుజువైతే ఆ నిష్పత్తిలో పరిహారం తగ్గుతుంది. బండిపై వెనుక ఒక్కరికి మించి కూర్చోరాదని 128వ సెక్షను నిర్దేశిస్తున్నది. ఆ ఉల్లంఘనే నిర్లక్ష్యం అవుతుందా? మహమ్మద్ సిద్దిఖ్ కేసు (2020) సరిగ్గా ఈ ప్రశ్నపైనే నడిచింది. మృతుడు మరో ఇద్దరితో కలిసి ఒకే మోటారుసైకిలుపై ప్రయాణించినందుకు హైకోర్టు పరిహారంలో పది శాతం తగ్గించింది. సుప్రీంకోర్టు ఆ కోతను రద్దు చేసింది. ముగ్గురు ప్రయాణించడం చట్ట ఉల్లంఘనే గాని, ఆ కారణంగా ప్రమాదం జరిగిందని గాని, ప్రమాదపు తీవ్రత పెరిగిందని గాని రుజువు కానిదే అది బాధితుని నిర్లక్ష్యంగా మారదని తేల్చింది. వెనుకనుంచి లారీ ఢీకొన్నప్పుడు బండిపై ఇద్దరున్నా ముగ్గురున్నా ఢీకొనడానికి కారణం లారీయే. ముగ్గురి బరువుతో బండి అదుపు తప్పి ఎదుటి వాహనం దారిలోకి వెళ్ళిందని సాక్ష్యం ఉంటే మాత్రం నిర్ణయం వేరుగా ఉంటుంది.

3.3 లైసెన్సు లేకపోవడం

సుధీర్ కుమార్ రాణా కేసులో (2008) ద్విచక్ర వాహనం నడిపిన యువకునికి లైసెన్సు లేదు. మినీ ట్రక్కుతో ప్రమాదం జరిగింది. లైసెన్సు లేకుండా నడపడం నేరమే అయినా, దానంతట అది ప్రమాదానికి నిర్లక్ష్యం కాజాలదని సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఆ నేరానికి జరిమానా వేరు; లారీ యజమాని బాధ్యత వేరు. మొదటిది రెండవదానిని తుడిచివేయదు.

3.4 హెల్మెట్

129వ సెక్షను నాలుగేళ్ళు దాటిన ప్రతి ప్రయాణికునికీ, వెనుక కూర్చున్నవారితో సహా, హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఇక్కడ విశ్లేషణ కొంత సున్నితమైనది. హెల్మెట్ లేకపోవడం ప్రమాదాన్ని కలిగించదు. కాని గాయపు తీవ్రతను పెంచగలదు. సిద్దిఖ్ తీర్పు చెప్పిన రెండవ షరతు, అనగా ప్రమాదపు తీవ్రతతో సంబంధం, ఇక్కడ వర్తించే అవకాశం ఉంది. కనుక బీమా సంస్థ ఈ వాదన తెచ్చినప్పుడు పరిశీలించవలసినది గాయం స్వభావాన్ని. తొడ ఎముక విరిగిన వ్యక్తికి హెల్మెట్ లేదన్న కారణంతో కోత విధించడానికి హేతువు లేదు. తలకు గాయమైన సందర్భంలో సైతం హెల్మెట్ ఉంటే ఆ గాయం తప్పేదని వైద్యసాక్ష్యం ఉండాలి. అప్పుడు కూడా చర్చ కోత ఎంత అన్నదానిపైనే గాని, హక్కు ఉన్నదా లేదా అన్నదానిపై కాదు. గాయాల ధ్రువపత్రం తీసుకోవడం ఎందుకు అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

4.0 బండిపై స్థానం – హక్కులో భేదం

గ్రామాలలో హక్కు పోతుందని భావిస్తున్న చోట హక్కు నిలిచి ఉన్నది. దానికి భిన్నంగా, ఎవరూ ఊహించని చోట ద్వారం మూసుకుపోతున్నది. ఒకే బండిపై ఉన్నవారిలో యజమాని, అరువు తీసుకున్నవాడు, వెనుక కూర్చున్నవాడు – ముగ్గురి న్యాయస్థితీ ఒకటి కాదు.

4.1 అరువు బండి: బావమరిది బండి, పక్కింటివారి బండి తీసుకొని వెళ్ళడం పల్లెలలో నిత్యకృత్యం. నింగమ్మ కేసులో (2009) అరువు తెచ్చుకున్న మోటారుసైకిలుపై వెళ్తున్న వ్యక్తి, ముందు పోతున్న ఎడ్లబండి హఠాత్తుగా ఆగడంతో దానిని ఢీకొని మరణించాడు. అరువు తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వస్తాడనీ, యజమాని తనకు తానే పరిహారం చెల్లించుకోలేడు కనుక నాడు అమలులో ఉన్న 163ఎ సెక్షను కింద ఆ బండి బీమా సంస్థనుంచి పరిహారం రాదనీ సుప్రీంకోర్టు పేర్కొన్నది. రాంఖిలాడి కేసులో (2020) రెండు మోటారుసైకిళ్ళు ఢీకొన్నాయి. మృతుని కుటుంబం ఎదుటి బండిపై కాక, అతడు అరువు తెచ్చుకున్న బండి బీమా సంస్థపైనే కోరిక పెట్టింది. ఫలితంగా పాలసీలోని వ్యక్తిగత ప్రమాద బీమా కింద రూ.1,00,000, దానిపై వడ్డీ మాత్రమే దక్కాయి. ప్రతివాదిగా ఎవరిని చేర్చాలన్న నిర్ణయం కేసు ఫలితాన్ని ఎంతగా మార్చగలదో ఈ తీర్పు చూపుతున్నది.

4.2 యజమాని: సొంత బండి జారి కాలువలో పడితే, గేదె అడ్డువస్తే, ఆరబోసిన ధాన్యంపై చక్రం పట్టుతప్పితే ఎదుటి మోటారు వాహనం అంటూ లేదు. తన తప్పిదంతోనే మరణించిన చోదకుని వారసులు 166వ సెక్షను కింద పరిహారం కోరలేరని 2025 జూలైలో నాగరత్న కేసులో సుప్రీంకోర్టు హైకోర్టు నిర్ణయాన్ని సమర్థించింది. యజమానిని ఇటువంటి వేళ ఆదుకొనేది యజమాని–చోదకుల తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా. దాని మొత్తం రూ.15,00,000. అయితే బండి రిజిస్ట్రేషను, పాలసీ రెండూ మృతుని పేరిట ఉండాలి. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. పాతబండి కొని పేరు మార్పించుకోనివారు ఈ రక్షణకు వెలుపల ఉంటారు. అమ్మినవారికీ ప్రమాదం తప్పదు. రిజిస్ట్రేషనులో పేరున్న వ్యక్తే చట్టం దృష్టిలో యజమాని అని నవీన్ కుమార్ కేసు (2018) నిర్ధారించింది. ఇక్కడ లైసెన్సు లేకపోవడం నిజంగానే హక్కును హరిస్తుంది. ఎదుటి వాహనంపై కోరికలో అడ్డురాని లోపమే సొంత బీమాలో అడ్డుగా నిలుస్తుంది.

రోడ్డు నిర్మాణలోపం కారణమైతే 198ఎ సెక్షను కింద గుత్తేదారుకు, నిర్వహణ సంస్థకు రూ.1,00,000 వరకు జరిమానా విధించవచ్చు. కాని ఆ మొత్తం మోటారు వాహన ప్రమాద నిధికి చేరుతుంది. నేరుగా బాధితునికి అందదు.

4.3 వెనుక కూర్చున్న వ్యక్తి: నడిపినవాని తప్పు వెనుక కూర్చున్నవానిది కాదు. రెండు వాహనాల చోదకుల తప్పూ కలిసిన సందర్భాన్ని సంయుక్త నిర్లక్ష్యంగా పరిగణిస్తారు. అటువంటప్పుడు బాధితుడు ఏ ఒక్కరినుంచైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చునని ఖెన్యెయ్ కేసు (2015) స్పష్టం చేసింది. అయితే తప్పు సొంత బండి చోదకునిది మాత్రమే అయినప్పుడు పాలసీ రకం కీలకమవుతుంది. చట్టం కోరే కనీస పాలసీ వెనుక కూర్చున్న వ్యక్తికి వర్తించదని తిలక్ సింగ్ కేసులో (2006) తీర్పు వచ్చింది. సమగ్ర పాలసీ వర్తిస్తుందని 2009 నవంబరు 16న బీమా నియంత్రణ సంస్థ స్పష్టీకరించింది. 2012నాటి బాలకృష్ణన్ తీర్పు దానిని పరిగణనలోకి తీసుకున్నది. భర్త నడిపే బండిపై వెనుక కూర్చొని పనికి వెళ్ళే స్త్రీకి ఈ భేదం తెలిసే అవకాశం చాలా తక్కువ.

5.0 పరిహారపు లెక్క

సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) తీర్పులు లెక్కింపునకు ఒక క్రమాన్ని ఏర్పరచాయి. ఊహాత్మకమైన ఒక ఉదాహరణ తీసుకుందాం. అవనిగడ్డ ప్రాంతపు ముప్పై అయిదేళ్ళ కౌలు రైతు ప్రమాదంలో మరణించాడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతనిపై ఆధారపడి ఉన్నారు. నెల ఆదాయం రూ.12,000గా ట్రిబ్యునల్ అంగీకరించిందనుకుందాం. నలభై ఏళ్ళలోపు స్వయం ఉపాధి కనుక భవిష్యత్ అభివృద్ధి కింద 40 శాతం కలిపితే రూ.16,800 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కనుక అతని సొంత ఖర్చుకు నాలుగోవంతు తీసివేస్తే రూ.12,600, ఏడాదికి రూ.1,51,200. ముప్పై ఒకటినుంచి ముప్పై అయిదేళ్ళ వయస్సుకు గుణకం 16. ఆదాయ నష్టం రూ.24,19,200. దీనికి ఆస్తినష్టం, అంత్యక్రియలు, సాహచర్య నష్టం అనే పద్దులు అదనం. 2017లో ఇవి వరుసగా రూ.15,000, రూ.15,000, రూ.40,000, ప్రతి మూడేళ్ళకు పది శాతం పెంచాలి. సాహచర్య నష్టం భార్యకే కాక పిల్లలకూ తల్లిదండ్రులకూ వర్తిస్తుందని మాగ్మా బీమా సంస్థ కేసు (2018) తెలిపింది.

పై ఉదాహరణలో పది శాతం కోత పడితే ఆదాయ నష్టంలో రూ.2,41,920 తగ్గుతుంది. అదే నెల ఆదాయాన్ని రూ.12,000 బదులు రూ.8,000గా నిర్ణయిస్తే మొత్తం రూ.16,12,800కు పడిపోతుంది; తేడా రూ.8,06,400. గ్రామంలో చర్చంతా హెల్మెట్ చుట్టూ తిరుగుతుంది గాని, కుటుంబానికి ఎక్కువ నష్టం ఆదాయ నిరూపణ లేకపోవడంవల్ల కలుగుతున్నది. రామచంద్రప్ప కేసులో (2011) కూలి ఆదాయానికి పత్రాలు చూపలేదన్న కారణంతో అతని మాటను తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు పేర్కొన్నది. అయినా ధాన్యం అమ్మిన రసీదు, పాలకేంద్రం చెల్లింపు పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం వంటివి ఉంటే ఊహకు బదులు ఆధారం లభిస్తుంది.

గాయపడినవారి విషయంలో రాజ్‌కుమార్ కేసు (2010) మార్గదర్శకం. అవయవానికి కలిగిన వైకల్య శాతం వేరు, సంపాదనాశక్తికి కలిగిన నష్టం వేరు. పాదం శాశ్వతంగా దెబ్బతిన్న గుమాస్తా తిరిగి బల్ల ముందు కూర్చోగలడు. అదే గాయంతో తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుని వృత్తి పూర్తిగా పోతుంది. వైద్యుడు రాసిన శాతంతో విచారణ ఆగిపోరాదు.

6.0 మూడు మార్గాలు, ఒక గడువు

2022 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చిన సవరణల తరువాత బాధితుని ముందు మూడు మార్గాలున్నాయి.

మొదటిది 164వ సెక్షను. ఎవరి తప్పో నిరూపించనవసరం లేకుండా మరణానికి రూ.5,00,000, తీవ్రగాయానికి రూ.2,50,000 లభిస్తాయి. రెండవది నిర్లక్ష్యాన్ని చూపి న్యాయమైన పరిహారం కోరే 166వ సెక్షను. మూడవది, ఢీకొన్న వాహనం ఆచూకీ తెలియనప్పుడు 161వ సెక్షను కింద మరణానికి రూ.2,00,000, తీవ్రగాయానికి రూ.50,000 ఇచ్చే పథకం. దీనిని రెవెన్యూ అధికారి విచారించగా జిల్లా కలెక్టరు నిర్ణయిస్తారు. ట్రిబ్యునల్‌కు వెళ్ళనవసరం లేదు.

మొదటి రెండింటి మధ్య ఒక మెలిక ఉంది. 149వ సెక్షను విధానంలో బీమా సంస్థ ఇవ్వజూపిన 164వ సెక్షను మొత్తాన్ని స్వీకరిస్తే, 166 కింద వేసిన పిటిషను రద్దవుతుంది. పై ఉదాహరణలోని కుటుంబం తొందరలో రూ.5,00,000కు సంతకం చేస్తే దాదాపు రూ.19,00,000 వదులుకున్నట్లే. అయితే తప్పు ఎవరిదో నిరూపించే ఆధారమే లేని కుటుంబానికి అదే మేలైన మార్గం. లోక్ అదాలత్ రాజీపై కూడా అప్పీలు ఉండదు కనుక సంతకానికి ముందే లెక్క చూసుకోవడం అవసరం.

166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలో పిటిషను వేయాలి. 1994లో తొలగించిన కాలపరిమితి ఈ విధంగా తిరిగి వచ్చింది. దీని చెల్లుబాటు సుప్రీంకోర్టు పరిశీలనలో ఉంది. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లను కొట్టివేయరాదని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వెలువడింది. మధ్యంతర ఉత్తర్వుపై భరోసాతో జాప్యం చేయడం మాత్రం క్షేమం కాదు. పోలీసులు 159వ సెక్షను కింద మూడు నెలలలో ట్రిబ్యునల్‌కు పంపవలసిన ప్రమాద నివేదికనే పిటిషనుగా స్వీకరించే వీలు 166(4) కల్పించింది. ఆ నివేదిక వెళ్ళిందో లేదో కుటుంబం పోలీసు స్టేషనులో వాకబు చేయడం మంచిది.

ప్రమాదస్థలంలోనే కేసు వేయాలన్న నియమం లేదు. బాధితుడు నివసించే చోట, వ్యాపారం చేసే చోట, ప్రతివాది నివసించే చోట కూడా వేయవచ్చు. ఒంగోలు దగ్గర ప్రమాదానికి గురైన దివిసీమ వాసి మచిలీపట్నంలోనే న్యాయం కోరవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే అర్హతను 1987నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ఇచ్చింది. భర్తను కోల్పోయిన స్త్రీ న్యాయవాది రుసుముకు వెరచి రాజీపడవలసిన పని లేదు.

7.0 ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలివి:

1. హెల్మెట్, లైసెన్సు, ముగ్గురి ప్రయాణం వంటి ఉల్లంఘనలు వాటంతటవే ఎదుటి వాహనంపై పరిహారపు హక్కును హరించవు. ప్రమాదానికో దాని తీవ్రతకో అవి కారణమని రుజువైనప్పుడే కోతకు అవకాశముంది.

2. అరువు బండి, పేరు మారని బండి, కనీస పాలసీ – ఈ మూడూ నిజంగా హక్కును కుదించేవి. ప్రజలలో భయం మొదటి వర్గంపై ఉండగా నష్టం రెండవ వర్గంనుంచి కలుగుతున్నది.

3. ఉల్లంఘనల కారణంగా పడే కోత కన్నా ఆదాయాన్ని తక్కువగా నిర్ణయించడంవల్ల కలిగే నష్టం అధికం కాగలదు.

4. తొలివారంలో సేకరించిన పత్రాలు, తొందరపడి చేయని సంతకం – ఈ రెండింటిపైనే హక్కు అమలు ఆధారపడి ఉంది.

శిరస్త్రాణం ప్రాణాన్ని కాపాడుతుంది. దాని అవసరాన్ని ఈ వ్యాసం ఏ విధంగానూ తగ్గించదు. కాని దానిని ధరించనందుకు చట్టం విధించిన శిక్ష జరిమానా, లైసెన్సు నిలుపుదల మాత్రమే. మృతుని పిల్లల జీవనాధారాన్ని తీసివేయడం ఆ శిక్షలో భాగం కాదు. విజయవాడ, మచిలీపట్నం ట్రిబ్యునళ్ళు ఇటీవలి సంవత్సరాలలో ఏ కారణాలపై ఎంత శాతం కోత విధించాయో తీర్పుల ఆధారంగా పరిశోధకులు పరిశీలించగలిగితే, సుప్రీంకోర్టు చెప్పిన భేదం డెల్టా గ్రామాలవరకు ఎంతగా చేరిందో స్పష్టమవుతుంది. కళాశాలల న్యాయసహాయ కేంద్రాలు ఈ విషయాన్ని గ్రామాలకు తీసుకువెళ్ళడం వెంటనే చేయదగిన పని.